రామళ్ళకోట చెట్టు కింద

జనవరి 7 దగ్గరపడితే చాలు, సత్యం కంప్యూటర్స్ కుంభకోణం మీద ఏదైనా రాయమని సంపాదకుల ఫోను. నేను మాత్రం ఎప్పుడూ ఒక చెట్టు దగ్గరే మొదలుపెడతాను.

  

ఫ్రెంచి రత్నాల వర్తకుడు టావెర్నియే పుస్తకం 1676లో వచ్చింది. ఆయన 'రావోల్కొండ' అన్న వజ్రాల ఊరు కర్నూలు దగ్గరి రామళ్ళకోటే అంటారు. రోజూ పొద్దున్నే పది నుంచి పదహారేళ్ల లోపు వర్తకుల పిల్లలు పెద్ద చెట్టు కింద చేరేవారట. ఒక పక్క తూకం రాళ్ల సంచి, ఇంకో పక్క డబ్బు సంచి. కొందరి దగ్గర 600 వరహాల దాకా ఉండేవి. ఎవరైనా వజ్రం తెస్తే అందరిలో పెద్దవాడి చేతికిచ్చేవారు. ఎవరూ నోరు మెదపకుండానే అది చేతులు మారి మళ్లీ వాడి దగ్గరికే వచ్చేది. అప్పుడు బేరం. ఎక్కువ పెట్టి కొన్నాడా, నష్టం వాడిదే! సాయంత్రం లాభం అందరూ పంచుకునేవారు, పెద్దవాడికి పావు శాతం అదనం. ఆ బుడతలంటే నాకు అంతులేని ముద్దు.

ఇక మన కాలం. 2008 సెప్టెంబరులో సత్యానికి మంచి పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు. ఆ నెలాఖరు లెక్కల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదులో రూ.5,040 కోట్లు లేనేలేవని 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజే లేఖ రాశారు. కంపెనీ లెక్కలు తనిఖీ చేసే ఆడిటరుకు ఫీజు ఇచ్చేదీ ఆ కంపెనీయే.

సాఫ్ట్‌వేర్‌లకు ర్యాంకులిచ్చే గార్ట్‌నర్ సంస్థ సంగతీ అలాంటిదే: దానికి కొనేవాళ్లతో పాటు అమ్మేవాళ్లూ ఖాతాదారులే. తాము స్వతంత్రులమనే దాని మాట. తక్కువ ర్యాంకు వచ్చిన జడ్ఎల్ టెక్నాలజీస్ 2009లో దావా వేస్తే, ర్యాంకు తమ అభిప్రాయమే తప్ప రుజువు చేయాల్సిన వాస్తవం కాదని గార్ట్‌నర్ వాదించింది. కోర్టు ఒప్పుకుంది.

హత్నూర మండలంలో కొత్త ఫ్యాక్టరీ వస్తే నీళ్లూ గాలీ ఏమవుతాయో నివేదిక రాసే కన్సల్టెంటుకు డబ్బిచ్చేదీ ఫ్యాక్టరీవాళ్లే. 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద నడిచే పద్ధతి ఇది.  ఆ నివేదిక మీద జరిగే ప్రజాభిప్రాయ సేకరణలో షామియానా కింద కూర్చున్న రైతును చూస్తే మళ్లీ ఆ చెట్టే గుర్తొస్తుంది. నివేదిక తప్పితే నష్టం పడేది రాసినవాడి సంచిలో కాదు, ఈయన బోరుబావిలో.