కోతలో బయటపడ్డ అడవి

ఎడింబరో నగరపు పాత మేడల్లో చాలావాటికి రాయి క్రెయిగ్‌లీత్ క్వారీ నుంచే వచ్చింది. 1826లో ఒకసారి, 1830లో మరోసారి ఆ క్వారీలో ఇసుకరాతి పొరల మధ్య పెద్ద పెద్ద మానులు బయటపడ్డాయి. చూస్తే చెట్టే, ముట్టుకుంటే రాయి. ఆకు లేదు, పువ్వు లేదు, కాయ లేదు. ఏ జాతి చెట్టో చెప్పడం ఎలా?

మన వడ్రంగిని అడిగితే చిటికెలో చెబుతాడు. బెరడు చూసి ఎవరూ దుంగను బేరమాడరు. కోసిన ముఖం చూస్తారు. చేవ ఎంత, పొరలు ఎలా తిరిగాయి, సన్నని రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయి అని చూసి ఇది టేకు, ఇది వేప అని తేల్చేస్తారు. రాతి చెట్టుకూ ఇదే సూత్రం. కాకపోతే దాన్ని కోయడానికి వడ్రంగి రంపం పనికిరాదు, రత్నాలు సానబట్టేవాడి పనితనం కావాలి.

ఎడింబరోలో ఆ పనితనాన్ని శాస్త్రంలోకి తెచ్చినవాడు విలియం నికోల్. సూక్ష్మదర్శినిలో ఒకప్పుడు వాడిన నికోల్ పట్టకం ఆయన పేరు మీదే ఉంది. ఆయన పద్ధతి చెప్పడానికి సులువు, చేయడానికి ఓపిక కావాలి. రాతి కలప నుంచి పలచటి బిళ్ల కోస్తారు. ఒక పక్క అద్దంలా నునుపు చేస్తారు. ఆ పక్కను కెనడా బాల్సమ్ అనే చెట్టు జిగురుతో గాజుపలకకు అంటిస్తారు. ఇక రెండో పక్కను అరగదీస్తూ పోతారు. రాయి పలచబడి పలచబడి, చివరికి వెలుతురు దానిగుండా ఇవతలికి వస్తుంది. ఈ రోజుల్లో ప్రయోగశాలల్లో సాధారణ రాళ్లను 0.03 మిల్లీమీటర్ల మందం దాకా అరగదీస్తారు.

హెన్రీ విథామ్ అనే భూస్వామి ఇలాంటి బిళ్లలు పరీక్షించి 1831లో ఒక పుస్తకం వేశాడు. నికోల్ పద్ధతి లోకానికి తెలిసింది అందులోనే. ఈ ఘనత నికోల్‌దా, లేక అదే ఊళ్లో రాళ్లు సానబట్టే శాండర్సన్‌దా అన్న వివాదం ఆనాడే లేచింది. నాకైతే ఆ వివాదం కూడా ముచ్చటగానే ఉంటుంది. రాళ్లు అరగదీసే పనివాడి పేరు శాస్త్రచరిత్రలో పండితుడి పక్కన నిలవడం తరచూ జరిగేది కాదు.

ఆ బిళ్లల్లో ఏం కనిపించింది? జల్లెడలా వరుసలు తీరిన కణాలు, గోడలతో సహా. బొగ్గు ఏర్పడిన కాలం నాటి అడవి అంటే ఫెర్న్‌ల వంటి విత్తనం లేని మొక్కలేనన్న అభిప్రాయం బలంగా ఉన్న రోజులవి. క్రెయిగ్‌లీత్ మాను లోపల దేవదారు, పైన్‌ల కలపను పోలిన అల్లిక బయటపడింది. దాని వయసు సుమారు 33 కోట్ల ఏళ్లు. క్రెయిగ్‌లీత్ మానులు ఇప్పటికీ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం ఆవరణలోనూ, ఎడింబరో బొటానిక్ గార్డెన్‌లోనూ చూడవచ్చు.

చెట్టు రాయి కావడానికి ముందు అది కుళ్లకుండా ఉండాలి. వరద ఒండ్రులోనో, అగ్నిపర్వతపు బూడిదలోనో చప్పున కప్పబడిపోతే గాలి ఆడదు, కుళ్లు నెమ్మదిస్తుంది. సిలికా కరిగిన భూగర్భజలం కణాల్లోకి ఇంకి, అక్కడే గట్టిపడుతుంది. ఇనుము కలిస్తే ఎరుపు, పసుపు. మాంగనీసుకు నలుపు. పలుగురాయి జాతి కాబట్టి గట్టితనం కొలబద్దపై సుమారు 7. ఉక్కు చాకు దాని మీద గీత పెట్టలేదు.

అందుకే ఇంట్లో ఈ పని చేసే ఔత్సాహికులు వజ్రపు రజను పొదిగిన రంపపు చక్రం వాడతారు. మొదట రాయిని తిప్పి తిప్పి చూసి చెట్టు నిలువు ఎటో, అడ్డం ఎటో తేల్చుకుంటారు. అసలు నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. సరిగ్గా అడ్డుకోత పడితే వలయాలు విచ్చుకుంటాయి, కొంచెం వాలిందా, అన్నీ సాగిపోయి అలికినట్టవుతాయి. కోసిన ముఖాన్ని ముతక రజనుతో మొదలుపెట్టి, 220, 400, 600 నంబర్ల రజనులతో వరుసగా రుద్ది, చివర సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెడతారు. ఒక అంచెలో తొందరపడితే ఆ గీత చివరిదాకా వెంటాడుతుంది. పొడిగా మాత్రం ఎన్నడూ కోయకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది.

మెరుగు పెట్టాక భూతద్దం తీయండి. సన్నని రంధ్రాలు కనిపిస్తే చాలావరకు పూలు పూసే చెట్టు. రంధ్రాలు లేకుండా ఒకే తీరు అల్లిక ఉంటే పైన్ కుటుంబపు బంధువు. మన చేతిలో అరిగిన రాయి తన కులగోత్రాలు చెప్పుకునే ఆ క్షణం కోసమే ఈ శ్రమంతా.

అయితే ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసిపెట్టకపోతే అది సగం మూగదే. ఇందుకు ఒక పాత అల్మారా కథను మించిన సాక్ష్యం లేదు. 1834లో చిలీలోని చిలోయే దీవిలో చార్లెస్ డార్విన్ కొంత రాతి కలప ఏరాడు. అది పలచటి బిళ్లలుగా మారింది. 1846లో బ్రిటన్ భూగర్భ సర్వేలో ఉన్న ఆయన మిత్రుడు జోసెఫ్ హుకర్ ఇలాంటి బిళ్లలన్నీ సర్దాడు. రిజిస్టరులో ఎక్కించకుండానే హిమాలయ యాత్రకు వెళ్లిపోయాడు. అంతే, 165 ఏళ్లు అవి ఎవరి కంటా పడలేదు. 2011లో ఇంగ్లండ్‌లోని కీవర్త్‌లో ఉన్న ఆ సర్వే కార్యాలయంలో హోవర్డ్ ఫాల్కన్-లాంగ్ అనే శాస్త్రవేత్త ఆ అల్మారా సొరుగు లాగి, ఒక బిళ్లను వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే దాని మీద డార్విన్ పేరుంది. మొత్తం 314 బిళ్లలు తేలాయి.

ఏరడానికీ హద్దులున్నాయి. అమెరికాలోని ఆరిజోనాలో 19వ శతాబ్దం చివర రాతి దుంగలను సాన పొడి కోసం దంచడానికి ఒక మిల్లే కట్టారు. అక్కడి జనం మొరపెట్టుకోగా, 1906 డిసెంబరు 8న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ రాతి అడవిని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. ఇప్పుడది నేషనల్ పార్కు, చిన్న ముక్క తీసినా నేరమే. బయట ఏరుకోవడానికి అనుమతి ఉన్న ప్రభుత్వ భూముల్లో మనిషికి రోజుకు 25 పౌండ్లు, ఒక ముక్క అదనం, ఏడాదికి 250 పౌండ్లు మించరాదు, అమ్మరాదు. అక్కడున్న మనవాళ్లు వారాంతంలో సుత్తి పట్టుకుని బయల్దేరేముందు ఆ భూమి ఎవరిదో కనుక్కోవడం మరువకూడదు. మన దగ్గర తమిళనాడులోని తిరువక్కరై, రాజస్థాన్‌లోని ఆకల్ రాతి వనాలు కళ్లారా చూడాల్సినవే తప్ప సంచిలో వేసుకోవాల్సినవి కావు.

నికోల్ పద్ధతి మన దేశంలో మొక్కల శిలాజాల శాస్త్రవేత్త బీర్బల్ సాహ్నీ చేతుల్లో పెద్ద పనులు చేసింది. దక్కన్ లావా పొరల మధ్య చిక్కిన మొక్కల శిలాజాలను పట్టుకుని, ఆ లావా అందరూ అనుకునే యుగానిదేనా అని 1934లో ఆయన ప్రశ్న లేపారు. ఆ చర్చలోకి మన రాజమండ్రి కూడా వచ్చింది. కాతేరు వైపు లావా పొరల నడుమ సున్నపురాయి ఉంది. అందులోని చారా అనే మంచినీటి నాచు కాయలపై కె. శ్రీపాదరావు, ఎస్.ఆర్. నారాయణరావు 1939లో ఒక గ్రంథమే రాశారు. ఆవగింజకన్నా చిన్న కాయలవి.

1949 ఏప్రిల్ 3న లక్నోలో సాహ్నీ స్థాపించిన మొక్కల శిలాజాల పరిశోధన సంస్థ భవనానికి జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. ఆ రాయి మామూలు రాయి కాదు, దేశదేశాల శిలాజాలను సిమెంటులో పొదిగి సాహ్నీ తయారు చేసుకున్నది. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 10న ఆయన కన్నుమూశారు. భవనం లేచేదాకా ఆ సంస్థను ఆయన భార్య సావిత్రి సాహ్నీ నిలబెట్టారు.