ఎడారిలో పడ్డా పగలని లోహపు గాజు

పోయిన ఎపిసోడ్‌లో లోహపు గాజు అని ఒక్కమాట అని వదిలేశాను. "గాజు అంటే అద్దమా, ఇనుమా? సరిగ్గా చెప్పన్నా" అని ఒకటే వాయిస్ మెసేజ్‌లు. అందుకే ఇది రాస్తున్నా. నాది ఐటీఐ చదువే, సైటు భాషలోనే చెప్తా.

గాజు అంటే కిటికీ అద్దం ఒక్కటే కాదు, లోపలి అమరిక అలా ఉన్న దేన్నైనా గాజు అనొచ్చు. పటికబెల్లం ఎట్లా చేస్తారు? చక్కెర పాకాన్ని కదపకుండా రోజుల తరబడి ఉంచితే లోపలి అణువులు నిదానంగా వరస కట్టి పలకలు పలకలుగా గడ్డకడతాయి. అదే ముదురు పాకాన్ని చల్లటి పళ్ళెంలో గబుక్కున పోశారనుకోండి, వరస కట్టే టైం ఉండదు. నున్నగా బిగుసుకుంటుంది, కొడితే ఫెళ్ళున విరుగుతుంది. మనం రోజూ కట్టే సరియా పటికబెల్లం జాతి. మిల్లులో ఎర్రటి రాడ్డు మీద నీళ్ళు కొట్టి పైపొర గట్టిచేస్తారు కదా, ఆ వేగానికి కూడా ఇనుము వరస తప్పదు.

వరస తప్పించినవాడు పోల్ డ్యువే. అమెరికాలో కాల్టెక్ అనే సంస్థ, 1960. అణువుల లెక్కన బంగారం 75 పాళ్ళు, సిలికాన్ 25 పాళ్ళు కరిగించి, ఆ చుక్కని గ్యాస్ ఒత్తిడితో రాగి పలక మీదికి తుపాకీ గుండులా కొట్టారు. సెకనుకు పది లక్షల డిగ్రీల లెక్కన చల్లారింది. వచ్చింది మాత్రం వెంట్రుకంత మందం లేని రేకు. దాంతో ఏం కడతాం?

మందం రావడానికి 33 ఏళ్ళు పట్టింది. 1993లో అదే కాల్టెక్‌లో పీకర్, జాన్సన్ అనే ఇద్దరు జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం కలిపారు. 20 ఎంఎం కంకర, 10 ఎంఎం, ఇసుక కలిపితే దగ్గరగా సర్దుకుంటాయి గానీ వరస కట్టవు కదా, సుమారుగా అదే కిటుకు. నిదానంగా చల్లార్చినా గాజులాగే ఉండి, సెంటీమీటర్ల మందం దిమ్మ వచ్చింది. బలం మన 500 గ్రేడు సరియాకి దాదాపు నాలుగు రెట్లు.

మరి పిల్లర్లలో ఎందుకు వేయరు? మెల్లగా లోడు పెట్టడం వేరు, దెబ్బ వేరు. సరియా వంగుతుంది, సాగుతుంది, మనిషికి పారిపోయే టైం ఇస్తుంది. లోహపు గాజు అట్లా కాదు. లోపల ఒక సన్నటి పొర, మీటరులో వంద కోట్ల వంతుల్లో కొలిచేంత సన్నటిది, ఒక్కసారిగా జారుతుంది. 2006లో లెవాండోవ్‌స్కీ, గ్రీర్ అనే వాళ్ళు దాని మీద తగరం పూత వేసి వంచి చూశారు. జారిన గీతల పక్కన తగరం కరిగి చిన్న చిన్న పూసలైంది. తగరం కరగాలంటే 232 డిగ్రీలు కావాలి. అంతకంటే ఎక్కువ వేడి, కన్నుమూసి తెరిచేలోపు కాదు, అందులో కోట్లో వంతులో పుట్టి ఆరిపోయింది. విరిగేటప్పుడు వెలుగు మెరవడం కూడా కెమెరాలకి చిక్కింది.

ఇంకా పెద్ద దెబ్బకి గ్యాస్ గన్ వాడతారు. ఒక పలకని ఇంకో పలక మీదికి చదునుగా పేలుస్తారు. మామూలు గాలి ఒత్తిడికి సుమారు 60, 70 వేల రెట్ల దాకా ఈ జిర్కోనియం గాజు స్ప్రింగులా ఓర్చుకుంటుంది. అది దాటితే బలం జారిపోతుంది. ఇంకో సంగతి ఉంది. గోడకి ఇటు సమ్మెట కొడితే అటువైపు ప్లాస్టర్ ఊడిపడటం మనందరం చూసిందే. దెబ్బ తాలూకు అల వెనక ముఖానికి తగిలి, లాగుడుగా మారి తిరిగొస్తుంది. లోహపు గాజు పలక కూడా అట్లాగే లోపలి నుంచి చీలుతుంది.

ఇక ఎడారి కథ. నాసా వాళ్ళ జెనెసిస్ నౌక 2001 ఆగస్టులో బయల్దేరి, సూర్యుడి నుంచి వచ్చే కణాల్ని రెండేళ్ళకు పైగా పట్టింది. 2004 సెప్టెంబర్ 8న తిరిగొచ్చేటప్పుడు పారాచూట్ విచ్చుకుంటే, హెలికాప్టర్ కొక్కెంతో గాల్లోనే అందుకోవాలని ప్లాను. విచ్చుకోలేదు. గంటకి 300 కిలోమీటర్ల పైన వేగంతో యూటా ఎడారిలో గుద్దుకుంది. వేగం తగ్గడాన్ని పసిగట్టే స్విచ్చులు తిరగేసి ఉన్నాయి. బిగించినోళ్ళ తప్పు కాదు, డ్రాయింగే అట్లా ఉంది. తిప్పి చూసే పరీక్ష మానేసి, పాత నౌక డ్రాయింగుతో పోల్చి పాస్ చేశారు. ఇది చదివినప్పుడు నాకు మా సైటు ఇన్‌స్పెక్షన్ కాగితాలు గుర్తొచ్చాయి, ఇంక చెప్పను.

లోపలి సిలికాన్, నీలమణి పలకలు పదివేలకు పైగా ముక్కలయ్యాయి. ఒక లోహపు గాజు బిళ్ళ మాత్రం నిలిచింది. జిర్కోనియం, నియోబియం, రాగి, నికెల్, అల్యూమినియం కలిపి చేసింది. గ్యాస్ గన్ దెబ్బ ముందు ఆ గుద్దుడు చిన్నదే, కాబట్టి దీన్ని ఏ దెబ్బకీ పగలని లోహం అనుకోకండి.

అసలు దాన్ని పంపింది గట్టిదనం కోసం కాదు. లోపల వరసలూ అతుకులూ లేవు కాబట్టి యాసిడ్ ఆవిరి దాన్ని పొర తర్వాత పొర సమంగా తింటుంది. జ్యూరిచ్‌లో అట్లాగే తినిపించి, ఏ లోతులో ఏ నియాన్ ఉందో కొలిచారు. చంద్రుడి మట్టిలో దొరికిన వింత నియాన్‌ని సూర్యుడి నుంచి వచ్చిన వేరే రకం అని అంతకుముందు చాలా ఏళ్ళు అనుకున్నారు. 2006లో తేలింది ఏమిటంటే, రెండూ ఒకటే నియాన్. బరువైన అణువులు కాస్త లోతుగా దిగబడ్డాయి, అంతే.