పద్దులో లేని బంతి

విశాఖలో పుట్టి పెరిగిన ముస్లింని కూడా 'మీ నిజాం', 'మీ రజాకార్లు' అంటూనే పలకరిస్తారు. ఎన్నికలప్పుడైతే మరీను. నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారుల్ని 1766 సంధితో కుంపిణీవాళ్లకి వదిలేశాడు. రజాకార్లు పుట్టేనాటికి ఈ ఒడ్డుకీ నిజాంకీ తెగి 170 ఏళ్లు దాటింది. అయినా ఆ పద్దు మా పేరునే నడుస్తోంది. సరే, పద్దు మాదే అనుకుందాం. అప్పులన్నీ మా పేర రాసి ఆస్తుల పేజీ చించెయ్యడం ఏం న్యాయం? ఆ చిరిగిన పేజీలో ఫుట్‌బాల్ ఉంది.

1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం లెక్కలూ, రసాయనశాస్త్రం, చరిత్రా అన్నీ ఉర్దూలోనే చెప్పింది. తెలుగు పిల్లలకి అది అన్యాయమే, కాదనను. మన దేశభాషలో డిగ్రీ దాకా చదువు చెప్పొచ్చని చేసి చూపించిందీ అదే. సయ్యద్ అబ్దుల్ రహీం ఆ చదువులోంచి వచ్చినవాడు. 1909లో పుట్టాడు. ఉస్మానియా విద్యార్థిగా బంతి ఆడాడు. తర్వాత కాచిగూడ, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ బళ్లలో పంతులయ్యాడు. వ్యాయామవిద్యలో డిప్లొమా చేశాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అప్పటి హైదరాబాదులో కాలేజీ వదిలినా జట్టు వదిలేవారు కాదు. మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీ పాత విద్యార్థులు 'సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్' అనే జట్టు కట్టి ఆడేవారు. మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ పాఠాలు చెప్పిన కాలేజీ అదే. మఖ్దూం మనకి గుర్తున్నాడు. బంతి గుర్తులేదు.

రహీం బంతాట నేర్పించిన తీరులో బడిపంతులే కనిపిస్తాడు. పిల్లలకి రకరకాల పోటీలు పెట్టేవాడు. ఒకదాంట్లో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని పరిగెత్తకూడదు, అందగానే పక్కవాడికి ఇచ్చెయ్యాలి. ఇంకోదాంట్లో చేతకాని కాలితోనే తన్నాలి. మరోదాంట్లో పొట్టివాళ్లకే చోటు. వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు అనే అమరికని 1958లో బ్రెజిల్ ప్రపంచానికి చూపించి పేరు తెచ్చుకుంది. అంతకు ముందే ఈ పంతులు దాన్ని మన కుర్రాళ్లతో ఆడించాడు.

ఇప్పుడు 1950 సంగతి. అంతకు రెండేళ్ల ముందు, 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులోకి వచ్చింది. దానికి 'పోలీసు యాక్షన్' అని పేరు పెట్టారు. తర్వాత పల్లెల్లో, జిల్లాల్లో ఏం జరిగిందో చూసి రమ్మని ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా వేసింది. రజాకార్ల దుర్మార్గాల్నీ ఆ నివేదిక దాచలేదు. నివేదికని మాత్రం దాచారు. జనం చేతికొచ్చేసరికి 2013 అయింది. చావులు, ఊళ్లు వదిలి పోవడాలు, ఊడిన నౌకర్లు, పాకిస్తాన్‌కి పోయిన అన్నదమ్ములు. 1950 నాటి హైదరాబాదు ముస్లిం ఇంట్లో మాట్లాడుకోవడానికి ఇంకేం ఉంటుంది?

ఆ ఏడాదే రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యాడు. పోలీసు యాక్షన్ జరిగిన ఊళ్లో పోలీసు జట్టు! అందులో ఎక్కువమంది మా బస్తీల కుర్రాళ్లే. ఆ ఒక్క సీజన్లో వాళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలిచారు, డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్‌ని ఓడించారు. దేశానికి శత్రువులని రెండేళ్లుగా పేరు పడ్డ ఊరి నుంచి వెళ్లి దేశంలో పెద్ద కప్పులు రెండూ రైల్లో వేసుకొచ్చారు. గాలివాటం గెలుపు అనుకోకండి. 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు వాళ్లదే.

ఆ జట్టులోని అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కీ వెళ్లారు, 1956 మెల్‌బోర్న్‌కీ వెళ్లారు. హెల్సింకీలో మనవాళ్లు చాలామంది వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తయ్యారు. మెల్‌బోర్న్‌కి రహీం కోచ్. 1956 డిసెంబరు 1న ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి, ఒలింపిక్స్ సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా జట్టు అనిపించుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి సరిగ్గా నెల. నవంబరు 1 ప్రసంగాలు నా ఉద్యోగంలో లెక్కలేనన్ని విన్నాను, ఈ ముక్క ఎవరూ ఎత్తలేదు.

మెల్‌బోర్న్ వెళ్లిన జట్టులో అహ్మద్ హుసేన్, లతీఫ్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు. సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు. శిక్షణకి రావడానికి బలరాం దగ్గర డబ్బుల్లేకపోతే సైకిలు అద్దె రహీమే ఇచ్చాడు. రహీం పిల్లవాడి కాలు చూశాడు, కులమతాలు చూడలేదు. మన కథకులు ఆ రోజుల హైదరాబాదు గురించి రాసేటప్పుడు దొర, రజాకారు, గడీ ఉంటాయి. ఉండాల్సిందే. ఈ సైకిలు అద్దెకి చోటు ఎందుకు లేదో నాకు అర్థం కాదు. చాలామందికి రహీం పేరు 2024లో హిందీ సినిమా 'మైదాన్' వచ్చాకే తెలిసింది.

సిటీ పోలీస్ పోయి ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. 1961 డ్యూరాండ్ కప్పు ఆ పేరుతోనే గెలిచారు. అంటే అది విశాఖ పేరుమీద కూడా వచ్చిన కప్పే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో రహీం జట్టు దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఉన్నాడు. 1963 జూన్ 11న పోయాడు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్న ఆయన కొడుకు షాహిద్ హకీం 2021 ఆగస్టులో, బలరాం 2023 ఫిబ్రవరిలో పోయారు.