అంబేద్కర్ విగ్రహాలు: వ్యక్తిపూజ – ఆత్మగౌరవం

ఉపోద్ఘాతం

భారత రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన డా. బి.ఆర్. అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో ప్రసంగిస్తూ వ్యక్తిపూజ విషయమై జాతిని హెచ్చరించారు. మతంలో భక్తికి చోటున్నా, రాజకీయాల్లో అది నియంతృత్వానికి బాట వేస్తుందని ఆయన భావించారు. అలాంటి నాయకుని విగ్రహాలే నేడు ఊరూరా కనిపిస్తున్నాయి. ఈ వైరుధ్యాన్ని విగ్రహాల చరిత్ర నేపథ్యంలో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

విగ్రహ రూపం

అంబేద్కర్ జీవించి ఉండగానే, 1950లో, కొల్హాపూర్‌లోని బిందు చౌక్‌లో ఆయన విగ్రహాన్ని నెలకొల్పారు. దాని పక్కనే జోతిరావు ఫూలే విగ్రహం ఉంది. 1967 ఏప్రిల్ 2న పార్లమెంటు ఆవరణలో అంబేద్కర్ విగ్రహాన్ని నాటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆవిష్కరించారు.

సూటు, బూట్లు, ఎడమచేతిలో రాజ్యాంగ గ్రంథం, ముందుకు చాచిన కుడిచేతి చూపుడువేలు క్రమంగా ఈ విగ్రహాల స్థిరరూపమయ్యాయి. అస్పృశ్యులకు మంచి బట్టను, చెప్పును, చదువును నిషేధించిన సమాజంలో ఈ మూడూ కేవలం అలంకారాలు కావు. నిషేధాన్ని ధిక్కరించిన గుర్తులు.

వాడలో వెలసిన విగ్రహం

తెలుగునాట 1985 జులై 17న జరిగిన కారంచేడు మారణకాండ దళిత ఉద్యమాన్ని మలుపు తిప్పింది. దాని ఫలితంగా దళిత మహాసభ ఏర్పడింది. 1990లో అంబేద్కర్‌కు భారతరత్న ప్రకటించడం, మరుసటి ఏడు శతజయంతి రావడం ఆయన స్మరణను మరింత విస్తరింపజేశాయి. వాడల్లో కూలినాలి చేసుకునేవారు చందాలు వేసుకొని నిలిపిన సిమెంటు విగ్రహాలు ఊరి ఉమ్మడి స్థలంలో తమకూ వాటా ఉందని చాటాయి.

అందుకే వాటిపై దాడులూ జరిగాయి. 1997 జులై 11న ముంబయిలోని రమాబాయి నగర్‌లో విగ్రహానికి జరిగిన అవమానంపై నిరసన తెలిపిన జనంపై పోలీసులు కాల్పులు జరపగా పదిమంది మరణించారు. అనేక చోట్ల విగ్రహం చుట్టూ ఇనుప ఊచలు బిగించవలసి వచ్చింది. అంటరానితనాన్ని రాజ్యాంగంలోని 17వ అధికరణం రద్దు చేసినా, ఆ రాజ్యాంగ నిర్మాత ప్రతిమకే రక్షణ అవసరమైంది.

రాజ్యం నిలిపిన విగ్రహం

ఇటీవల ప్రభుత్వాలే భారీ విగ్రహాలను నిర్మించాయి. హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ సమీపాన 125 అడుగుల విగ్రహాన్ని 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించారు. దాని 50 అడుగుల పీఠం పార్లమెంటు భవన రూపంలో ఉంది. విజయవాడ స్వరాజ్ మైదానంలో 81 అడుగుల పీఠంపై నిలిపిన 125 అడుగుల విగ్రహాన్ని 2024 జనవరి 19న ఆవిష్కరించారు.

ఒకప్పుడు ఊరి చివర చోటు కోసం పెనుగులాడిన ప్రతిమ రాజధాని నడిబొడ్డున నిలవడం చిన్న విజయం కాదు. అయితే వాడ విగ్రహం రాజ్యాన్ని, సమాజాన్ని ప్రశ్నిస్తుంది. రాజ్యం నిలిపిన విగ్రహం పాలకుల ఘనతను చాటే సాధనంగా మారే అవకాశం ఉంది. అంబేద్కర్ హెచ్చరిక ఇక్కడే వర్తిస్తుంది.

ముగింపు

రాజకీయ సమానత్వం లభించినా సామాజిక, ఆర్థిక అసమానతలు కొనసాగితే ప్రజాస్వామ్యానికే ముప్పని అంబేద్కర్ ఆ ప్రసంగంలోనే స్పష్టం చేశారు. కనుక ఆయన విగ్రహానికి విలువ కట్టవలసింది ఎత్తును బట్టి కాదు, అది నిలిచిన చోట మనుషుల మధ్య తగ్గిన దూరాన్ని బట్టి. దండతో ముగిసే గౌరవం వ్యక్తిపూజగానే మిగులుతుంది. ఆ చేతిలోని గ్రంథాన్ని తెరిపించగలిగినప్పుడే అది ఆత్మగౌరవ చిహ్నమవుతుంది.