మనకి మీడ్ ఎందుకు లేదు?

డాక్టరు రాసిచ్చేది మందు, బార్‌లో పోసేది మందు, దీపావళికి కాల్చేది మందు, పత్తిచేలో కొట్టేది మందు. వీటిలో మొదటి రెండూ ఒకే మాట కిందకి రావడం యాదృచ్ఛికం అనిపించదు నాకు. చిక్కడపల్లిలో ఆయుర్వేదం దుకాణంలోకి వెళ్ళి ఒక ద్రాక్షారిష్టం సీసా తిప్పి చూడండి. అందులో తనంతట తానే పుట్టిన ఆల్కహాల్ 5 నుంచి 10 శాతం దాకా ఉండొచ్చని సన్నటి అక్షరాల్లో రాసి ఉంటుంది. బీరులో సాధారణంగా అంత ఉండదు.

ఈ గొడవలోకి నేను దిగడానికి కారణం మీడ్. తేనెని నీళ్ళలో కలిపి, ఈస్ట్ వేసి పులియబెడితే వచ్చే మద్యం అది. డల్లాస్‌లో ఉండే మిత్రుడొకడు ఇంట్లో చేస్తున్నాడు. అమెరికాలో ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇల్లు ఏడాదికి 200 గ్యాలన్ల దాకా వైను (మీడ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది) అమ్మకానికి కాకుండా చేసుకోవచ్చు. చెయ్యడం కష్టం కాదట, ఆగడమే కష్టమట. తేనెలో ఎనభై శాతం చక్కెరలే, కానీ ఈస్ట్‌కి కావలసిన నైట్రోజన్ చాలా తక్కువ. అందుకని మెల్లగా పులుస్తుంది. కొత్తగా తీసిన మీడ్ గొంతులో మంటగా దిగుతుంది. అడుగున పేరుకున్న మడ్డి నుంచి వేరే పాత్రలోకి వంచి, తేరనిచ్చి, సీసాల్లో పోసి నెలల తరబడి చీకట్లో పెడితేగాని మెత్తబడదు. పులియడం పూర్తికాకుండా బిరడా బిగిస్తే లోపల గ్యాస్ పెరిగి సీసా పగులుతుంది. హైడ్రోమీటర్ రీడింగ్ 1.100 దగ్గర మొదలై 1.000కి వచ్చి, వారాలపాటు అక్కడే నిలిస్తే అప్పుడు నమ్మొచ్చు. అప్పటికి ఆల్కహాల్ పదమూడు శాతం చిల్లర.

మీడ్ అనే మాటా మన మధు అనే మాటా ఒకే వేరు నుంచి వచ్చాయని భాషాశాస్త్రజ్ఞులు చెప్తారు. (‘మద్యం’ వేరు. అది మత్తుకి సంబంధించిన ‘మద్’ ధాతువు నుంచి వచ్చింది, వత్తు లేని ద.) తమాషా ఏమిటంటే, అర్థశాస్త్రం నాటికే ‘మధువు’ తేనె మద్యం కాకుండా పోయింది. కౌటిల్యుడు ద్రాక్షరసంతో చేసినదాన్ని మధువు అన్నాడు. పేరు మిగిలింది, సరుకు మారింది. ఇక మన ప్రబంధాలున్నాయి. మధుపానం అష్టాదశ వర్ణనల్లో ఒకటి కాబట్టి కవికి తప్పదు. నేను చదివినంతలో వాళ్ళు పాత్రలో పడ్డ చంద్రబింబాన్ని చూశారు, తడబడే మాటలని విన్నారు, ఎర్రబడ్డ కళ్ళని వదల్లేదు. ఆ మధువు ఎవరు చేశారో, ఎన్నాళ్ళు ఏ కుండలో ఉంచారో ఒక్కడూ అడగలేదు. తాగేవాళ్ళ సాహిత్యమే తప్ప చేసేవాళ్ళ సాహిత్యం కాదది.

చేసేవాళ్ళు వైద్యగ్రంథాల్లో దొరుకుతారు. చరకుడు సూత్రస్థానంలో 84 ఆసవాలని లెక్కపెట్టాడు: ధాన్యాలతో 6, పండ్లతో 26, వేళ్ళతో 11, చేవకర్రతో 20, పూలతో 10, కాండాలతో 4, ఆకులతో 2, బెరళ్ళతో 4, చక్కెరతో 1. కూడి చూశాను, సరిగ్గా 84 వచ్చింది. శార్ఙ్గధరుడు ఇంకా పనికొచ్చే మనిషి. కొలతలు చెప్పని చోట వాడుకోమని ఒక సాధారణ సూత్రం ఇచ్చాడు: ద్రోణం ద్రవానికి తులం బెల్లం, అందులో సగం తేనె, పదోవంతు మందుదినుసులు. (ఈ తులం బంగారం కొట్టు తులం కాదు.) ఆయుర్వేదం వాళ్ళ ఇప్పటి లెక్కలో తులం అంటే 4.8 కిలోలు, ద్రోణం 12.288. ద్రవాలకి కొలత రెట్టింపు చెయ్యాలని ఇంకో నియమం ఉంది. రెట్టింపు చెయ్యకుండా లెక్క వేస్తే చక్కెర మరీ ఎక్కువై, ఈస్ట్ చేతులెత్తేసే పాకం తయారవుతుంది. రెట్టింపు చేస్తే లీటరుకి సుమారు 200 గ్రాముల చక్కెర, అంటే పూర్తిగా పులిస్తే దాదాపు 12 శాతం ఆల్కహాల్. డల్లాస్ సీసాకి దగ్గరి లెక్కే. కుండ లోపల నెయ్యి పూసి, ధూపం పట్టి, పోసి, మూతికి గుడ్డ చుట్టి మట్టి మెత్తి ధాన్యపు కుప్పలో పూడ్చేవారు. ధాన్యంలో వేడి పెద్దగా అటూఇటూ కాదు. ఈస్ట్ విడిగా వెయ్యరు, ధాతకీ పూలు వేస్తారు. వాటి మీదే అది ఉంటుంది. పులియడం అయిందో లేదో తెలియడానికి కుండకి చెవి ఆనించి బుడగల చప్పుడు వింటారు, మూతి దగ్గర దీపం పెట్టి చూస్తారు. దీపం ఆరిపోతే కార్బన్ డయాక్సైడ్ ఇంకా వస్తున్నట్టు, నిలిచి వెలిగితే అయిపోయినట్టు. హైడ్రోమీటర్ లేకుండా ఇంతకంటే ఏం చేస్తారు? పైగా ఆసవాలు పాతబడేకొద్దీ గుణం పెరుగుతుందని కూడా శార్ఙ్గధరుడే చెప్పాడు.

మరి ఇంత తెలిసినవాళ్ళం దాన్ని తాగే అలవాటుగా ఎందుకు పెట్టుకోలేదు?

మొదటి కారణం చెట్లు. తాడి, ఈత ఉన్నచోట తేనె ఖర్చుపెట్టడం తెలివితక్కువ. లొట్టిలో పడ్డ గంటల్లోనే కల్లు పులుస్తుంది, మర్నాటికి పుల్లగా వెనిగర్ దారి పడుతుంది. నాలుగైదు శాతం ఆల్కహాల్, ఏ పూటది ఆ పూటే. అడవిలో ఇప్పపూలు వేసవిలో వాటంతటవే రాలతాయి. ఏరుకుని, ఎండబెట్టి, నానబోసి సారా తీస్తారు. ఇప్పకి సంస్కృతంలో మధూకమని పేరు, అక్కడా మధువే. తేనె మాత్రం చెంచులు కొండచరియల మీద తాడుకి వేలాడుతూ, ప్రాణాలకి తెగించి తీసేది. దాన్ని కుండల కొద్దీ పులియబెట్టడం ఎవరి తరం? చెంచాలతో కొలిచే వైద్యుడికి తప్ప గిట్టుబాటు కాదు. మన తాగుడు సంస్కృతి తాజాదనం మీద నిలబడింది, నిల్వ మీద కాదు.

రెండో కారణం సర్కారు. నైజాం ఆదాయంలో భూమిశిస్తు తర్వాత పెద్ద పద్దుల్లో అబ్కారీ ఒకటి. చెట్టుకి పన్ను, దుకాణానికి వేలం, సారాకి సర్కారీ బట్టీ. నారాయణగూడలో ప్రభుత్వ డిస్టిలరీ ఉండేది. ఈ పద్ధతి వచ్చాక ఇంట్లో కుండ పెట్టినవాడు ఖజానాకి దొంగ. ఆంధ్ర వైపు కథ వేరు. అక్కడ మద్రాసు నుంచి మద్యనిషేధం వారసత్వంగా వచ్చింది. 1954లో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది ఆ తగువు మీదే. ఒకచోట పన్ను కోసం, ఒకచోట నీతి కోసం, కారణాలు ఏవైనా ఇంటి కుండ రెండుచోట్లా నేరమే. 1968 ఎక్సైజ్ చట్టం రెండిటినీ ఒక్కటి చేసింది. లైసెన్స్ లేనిదే మత్తుపానీయం తయారుచెయ్యకూడదు. అరిష్టం మాత్రం 1955 నాటి మందుల ఎక్సైజ్ చట్టం కింద వేరే గదిలోకి వెళ్ళింది. మృతసంజీవని లాంటివి మందా, మద్యమా అన్న పేచీ 1960ల్లో సుప్రీంకోర్టు దాకా నడిచింది. కుండలో ఈస్ట్‌కి ఈ తేడా తెలీదు.

ఇక్కడ ‘మా తాతల కుండ మాకివ్వండి’ అని గట్టిగా అనడానికి నాకు నోరు రాదు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు దూబగుంటని ఒక బిట్ ప్రశ్నగా బట్టీ పడతారు. నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు 1992లో సారా దుకాణాల మీదకి వెళ్ళింది సిద్ధాంతం కోసం కాదు, కూలి డబ్బులు ఇంటికి రావడం లేదని. 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. అయితే వాళ్ళు మూయించినది సర్కారు వేలం వేసిన దుకాణాలని, సర్కారు లెక్కలో ఉన్న సరుకుని. ఇంట్లో ఆర్నెల్లు ఆగి తాగే కుండ వాళ్ళ ఫిర్యాదులో లేదు. నిషేధం సడలినప్పుడు తిరిగొచ్చింది కూడా వైన్‌షాపే, కుండ కాదు. చట్టం దుకాణాన్ని తెరవగలదు, మూయగలదు. ఆగడం ఎలాగో తెలిసిన చెయ్యి పోతే మాత్రం గెజిట్‌తో రాదు. కుండకి చెవి ఆనించి వినే మనిషి స్థానంలో ఇప్పుడు ఫ్యాక్టరీలో స్టీలు ట్యాంకులున్నాయి.

పుణె దగ్గర 2018 నుంచి ఒక మీడరీ మీడ్ చేసి అమ్ముతోంది. మన దగ్గర నల్లమల తేనె గిరిజన సహకార సంస్థ సీసాల్లో వస్తుంది. అశోక్‌నగర్ హాస్టళ్ళలో దాన్ని పొద్దున్నే గోరువెచ్చని నీళ్ళలో నిమ్మరసంతో కలుపుకుంటారు, ఒళ్ళు తగ్గడానికి.