సూరత్ కోటయు వారసత్వ నిర్వహణ విద్యయు

తాపీ నదీతీరాన గల సూరత్ కోటను 16వ శతాబ్ది మధ్యభాగంలో గుజరాత్ సుల్తాను మూడవ మహమూద్ ఆజ్ఞపై ఖుదావంద్ ఖాన్ నిర్మించాడు. పోర్చుగీసుల దాడులనుండి రేవును రక్షించడమే దాని ప్రయోజనం. కాలక్రమేణ ప్రభుత్వ కార్యాలయాలకు నెలవైన ఆ కోటను ఇటీవలి సంవత్సరాలలో నగరపాలక సంస్థ పునరుద్ధరించి, ప్రదర్శనశాలగా తీర్చింది. ఇట్టి కార్యానికి ఇంజనీరు ఒక్కడు చాలడు. సున్నపు పనితనం ఎరిగినవారు, పాత దస్తావేజులు చదువగలవారు, నిధుల లెక్క చూడగలవారు ఒకచోట కూడవలె. అహ్మదాబాద్ విశ్వవిద్యాలయంలో వారసత్వ నిర్వహణ స్నాతకోత్తర స్థాయిలో బోధింపబడుతున్నదంటే, అందుకు ఈ అవసరమే తగిన సమర్థన.

అయితే వారసత్వమనదగినది ఏది? 1659లో మరణించిన క్రిస్టఫర్ ఆక్సెండెన్, 1669లో మరణించిన అతని సోదరుడు జార్జిల గుమ్మటపు సమాధి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది. మచిలీపట్నంలోని డచ్చివారి సమాధులకు సైతం అదే రక్షణ లభించింది. వర్తకుల సమాధులకు దక్కిన ఈ గౌరవం నేతగాండ్ర జ్ఞాపకాలకు దక్కలేదు. తెలంగాణమునుండి సూరత్‌కు వలసవచ్చి మరమగ్గాలపై బ్రతుకు సాగించిన పద్మశాలీల చరిత్ర రక్షిత కట్టడాల జాబితాలో ఇమిడేది కాదు. వారి ఇండ్లలో, మాటలలో ఉన్నది. కోటను పునరుద్ధరించిన నగరంలోనే పురపాలక తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు సైతం నడుస్తున్నవి. వలస వృత్తాంతాల సేకరణను ఆ బాలబాలికల తాతలు, అవ్వలతో ఆరంభించవచ్చును.