కొత్వాలు పదవీ విరమణము: రాజా బహద్దరు వేంకటరామరెడ్డిగారి చరిత్ర

పుర రక్షణము మన దేశమున ప్రాచీనమైన విద్య. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరాధికారి విధులకు ఒక అధ్యాయమే కలదు. సత్రములలో దిగిన క్రొత్తవారి వివరము, రాత్రి సంచారము, అగ్నిభయము మున్నగువాని నతడు కనిపెట్టి యుండవలెను. మొగలాయీల కాలమున ఆ భారము కొత్వాలునకు సంక్రమించినది. కోటను కాచువాడను అర్థముగల సంస్కృతపదమే ఈ పేరునకు మూలమని పండితులు చెప్పుదురు. ఆసఫ్‌జాహీల హైదరాబాదులో కొత్వాలు నగర పోలీసుల కెల్ల అధిపతి. నగరమునందలి మంచి చెడ్డలను ప్రభువు చెవిని వేయువాడు నతడే. ప్రజలు దివానునైన చూడకపోవచ్చును గాని కొత్వాలు పేరు వినని యిల్లు లేదు.

అట్టి పదవిలో 1920 మొదలు 1934 వరకు పదునాలుగేండ్లు నిలిచి, గౌరవముతో విరమించిన తెలుగువారు రాజా బహద్దరు వేంకటరామరెడ్డిగారు. నిజాము పాలనలో ఆ పీఠ మెక్కిన తొలి హిందువు ఆయనయే యని ప్రసిద్ధి. వనపర్తి సంస్థానములోని రాయణిపేటలో 1869 ఆగస్టు 22 వ తేదీన జన్మించిరి. యౌవనారంభముననే రాయచూరు జిల్లా ముద్గల్లులో అమీనుగా, అనగా నేటి సబిన్‌స్పెక్టరు వంటి యుద్యోగములో ప్రవేశించి, మెట్టు మెట్టుగా పైకి వచ్చిరి. జిల్లాల అనుభవము ముగిసిన పిమ్మట రాజధానిలో కొత్వాలు ఇమాద్ జంగు క్రింద పనిచేసి, ఆయన గతించిన మీదట 1920 లో తామే కొత్వాలైరి. 1922 లో వేల్సు యువరాజు హైదరాబాదునకు వచ్చినపుడు నగర బందోబస్తు భారము వీరిదే. నిజాము ‘రాజా బహద్దరు’ బిరుదము నొసగగా, బ్రిటిషు ప్రభుత్వము ఓ.బి.ఇ. గౌరవము నిచ్చినది.

1934 లో పదవి విడుచునాటికి వారికి అరువది యైదేండ్లు. సామాన్యోద్యోగి విశ్రాంతి గోరు వయస్సది. అయినను ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను వారిని విడువక, తన సొంత ఖర్చులకై ప్రత్యేకింపబడిన సర్ఫేఖాసు భూముల వ్యవహారమునకు ప్రత్యేకాధికారిగా నియమించెను. పోలీసు అధికారి చేతికి భూముల లెక్క నప్పగించుట ఆయన నిజాయితీపై ప్రభువునకు గల నమ్మకమునకు సాక్ష్యము.

ఉద్యోగి పదవి వదలునపుడు ముద్ర, దస్తరము, తాళపుచెవులు తరువాతివానికి ఒప్పగించి రసీదు పొందును. ఆ లెక్క ఒక పూటలో తీరిపోవును. వేంకటరామరెడ్డిగారి జమలో దస్తరమునకెక్కని ఆస్తి మరియొకటి కలదు. దానిని చూడగోరువారు అబిడ్సు, నాంపల్లి ప్రాంతమునకు పోవలెను.

1907 లో నాంపల్లి రైలు స్టేషను ఏర్పడిన తరువాత మూసీకి ఉత్తరపు దెస నగరము వేగముగా పెరిగినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను కొలువులో నుండిన ఆల్బర్టు ఆబిదు దుకాణము పేరుమీదుగా దాని చేరువను అబిడ్సు వెలసినది. పల్లెనుండి చదువునకై పట్టణము చేరిన తెలుగు బాలునికి ఆ దుకాణముల వెలుగులు కనబడెను గాని, తలదాచుకొన చోటు కనబడలేదు. బడిలో ఉర్దూ, కచేరిలో ఉర్దూ, అంగడిలో ఉర్దూ. పూటకూటికిని పడకకును దారి లేక తిరిగిపోయిన పిల్ల లెందరో. ఈ కష్ట మెరిగి వేంకటరామరెడ్డిగారు కొత్వాలు కాకమునుపే 1918 లో సంస్థానాధీశుల, ధనికుల సాయముతో రెడ్డి హాస్టలును స్థాపించిరి. అబిడ్సున నది తెలుగువారికి నీడయైనది. ఒక కులము పేర వెలసిన దను మాట నిజమే. కాని ఆ కాలమున విద్యార్థి వసతికి కులసంఘములే పూనుకొనెను. ఈ త్రోవనే పిమ్మట ఇతరులును తమ పిల్లలకు గృహములు కట్టుకొనిరి.

ఆ హాస్టలు అన్నము పెట్టుటతో నాగలేదు. 1921 నవంబరులో నగరమున జరిగిన సంఘసంస్కార సభలో తెలుగున మాటలాడబోయిన వక్తకు అవమానము జరిగెను. ఆ రాత్రియే పుట్టిన ఆంధ్రజన సంఘము మరుసటి సంవత్సరారంభమున రెడ్డి హాస్టలులోనే సమావేశమైనది. గ్రంథాలయములను, పాఠశాలలను నెలకొల్పుట ఆ సంఘము ఆశయములలో ముఖ్యమైనది. సురవరం ప్రతాపరెడ్డిగారు హాస్టలు కార్యదర్శిగా పనిచేసిరి. 1926 లో గోలకొండ పత్రికను వెలువరించినది వారే. తరువాత వేంకటరామరెడ్డిగారి జీవిత చరిత్రను రచించినదియు వారే.

ఇచ్చట చదువరి యొక చిక్కును గమనింపవలెను. కొత్వాలు ప్రభువు సేవకుడు. ఆ రాజ్యమున పత్రికకు, ప్రైవేటు బడికి, సభకు అనుమతి కావలెను. 1929 నాటి గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు సభలపై కట్టుబాట్లను మరింత బిగించెను. గ్రంథాలయము పెట్టినవానిని సైతము అధికారులు అనుమానముతో చూచిన దినములవి. అట్టి శాసనములు గల రాజ్యమున రక్షకభటుల కధిపతియై యుండి తెలుగు సంస్థకు పోషకుడగుట కత్తిమీది సాము. ఆయన ప్రభుత్వము నెదిరించిన వీరుడని చెప్పుట సత్యము కాదు. ఆయన ప్రభుభక్తి జగమెరిగినది. అయినను తాను కూర్చున్న కొమ్మ నీడను పిల్లల మీదికి వంచినాడు. విచిత్రమేమన, 1940 వ దశకమున నిజాము పాలనపై తిరుగబడిన నాయకులలో రావి నారాయణరెడ్డిగారు ఆ హాస్టలులో నుండి చదువుకొన్నవారే. విత్తు వేసినవాడు కాయ రుచిని నిర్ణయింపజాలడు.

బాలికల విద్యయందును వారి శ్రద్ధ యట్టిదే. 1928 లో నారాయణగూడలో వెలసిన ఆంధ్ర బాలికా పాఠశాలకు మాడపాటి హనుమంతరావుగారు ప్రాణము, వేంకటరామరెడ్డిగారు అండ. తెలుగున ఉన్నత విద్య గరపుటకు రాజ్యములో గుర్తింపు దొరకకపోగా, పూనాలోని కార్వే మహిళా విద్యాపీఠము నాశ్రయించి ఆ బాలికలు పరీక్షలకు కూర్చుండిరి. ఇంటి గడప దాటనీయని కాలమున ఆడపిల్లను బడికి పంపుటకు తల్లిదండ్రులకు ధైర్యము కావలెను. కొత్వాలుగారి పేరు ఆ ధైర్యమును కొంత సమకూర్చినది.

విరమణానంతరము వారు పందొమ్మిదేండ్లు జీవించిరి. 1948 సెప్టెంబరులో తాము కొలిచిన రాజ్యము అంతరించుటను కన్నులార జూచి, 1953 జనవరి 25 వ తేదీన పరమపదించిరి. మరుసటి యేడు నారాయణగూడలో ఆయన పేర మహిళా కళాశాల వెలసినది. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట పోలీసు అకాడమీకిని ఆయన పేరే పెట్టిరి. నారాయణగూడ కూడలిలో విగ్రహమును కలదు.

కొత్వాలీ అను పేరు నేడు కచేరీలలో లేదు. కొత్వాలునకు సలాము చేసిన చేతులును లేవు. నాడు హాస్టలు దీపము క్రింద అక్షరములు దిద్దుకొన్న పిల్లలు పల్లెలకు తిరిగివచ్చి బడులు పెట్టిరి, పుస్తకములు పంచిరి, చెట్టు క్రింద పత్రిక చదివి వినిపించిరి. ఇరువదియైదేండ్లు నిండిన ఏ గ్రంథాలయపు గుమ్మమున నిలిచినను ఆ ఋణము జ్ఞప్తికి రావలసినదే. పదవిలోనున్నవాడు పదవి చాటున నొక దీపము పెట్టిపోయెనేని, అతడు దిగిన తరువాతను ఊరికి చీకటి యుండదు.